కప్పు బరువు ఎటు పోతుంది?

బహ్రెయిన్ పాత ఇళ్ళలో గది ఎంత వెడల్పు ఉండాలన్నది తూర్పు ఆఫ్రికా తీరంలోని మడ అడవుల చేతిలో ఉండేది. ముత్యాల వ్యాపారంతో వెలిగిన ముహర్రఖ్ పట్టణంలో గోడకు సముద్రం నుంచి తీసిన పగడపు రాయి దొరికేది, పూతకు జిప్సం దొరికేది. కప్పుకు దూలాలే కరువు. అందుకని ఆఫ్రికా రేవుల నుంచి మడకర్రలను పడవల మీద తెప్పించుకునేవాళ్ళు. ఒక్కో కర్ర అక్కరకొచ్చే పొడవు మూడు మీటర్లూ చిల్లర. కాబట్టి గది పొడుగ్గా ఎంతైనా సాగేది గానీ, వెడల్పు ఆ మూడు మీటర్ల దగ్గరే ఆగిపోయేది.

అదే దేశంలో, రాజధాని మనామాకు దక్షిణాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, చమురు కంపెనీ 1930లలో కట్టించిన అవాలీ పట్టణం ఉంది. అక్కడ ఇప్పుడు 2,300 మంది కూర్చునే అరేబియా మాత కథెడ్రల్ నిలబడి ఉంది. 2021 డిసెంబరు 9న ప్రారంభమైన ఈ చర్చి అరేబియా ద్వీపకల్పంలోకెల్లా పెద్ద కేథలిక్ చర్చి. ఆ మూడు మీటర్ల గదికీ ఈ హాలుకూ మధ్య వెయ్యేళ్ళకు పైబడిన కట్టడ విద్య ఉంది. యూరప్‌లోని గోథిక్ కథెడ్రళ్ళు ఆ విద్యకు ఒక శిఖరం. దాని కొమ్మ ఒకటి మన మెదక్‌లోనూ చిగిర్చింది. ఈ అధ్యాయంలో అడిగేది ఒక్కటే: స్తంభాలు అడ్డం రాకుండా విశాలమైన చోటును కప్పినప్పుడు ఆ కప్పు బరువు ఎటు పోతుంది, దాన్ని అక్కడికి చేర్చే విద్య ఎవరి చేతుల్లో ఉంది?

దూలానికి ఉన్న హద్దు

దూలం మీద బరువు పడితే కొద్దిగా కుంగుతుంది. కుంగినప్పుడు దాని పైభాగం నొక్కుకుపోతుంది, అడుగుభాగం సాగుతుంది. కర్ర ఈ రెండింటినీ ఓర్చుకుంటుంది. రాయి అలా కాదు. ఎంత నొక్కినా తట్టుకుంటుంది గానీ లాగితే తాళలేదు. నొక్కుడులో మోసినదాంట్లో పదో వంతు బలం కూడా లాగుడు దగ్గర చూపించలేదు. అడుగున సన్నని పగులు పుట్టిందంటే అది పైదాకా పాకుతుంది, దూలం రెండు ముక్కలవుతుంది.

కాకతీయ రుద్రదేవుడు 1163లో హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించాడు. రాతి స్వభావం ఎరిగిన శిల్పులు దూలాల పొడవు తగ్గించి, స్తంభాలను దగ్గర దగ్గరగా నిలిపారు. అక్కడ బరువు నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. ఏ స్తంభమూ పక్కకు ఒరగాల్సిన అవసరం లేదు. అదే 1163లో పారిస్‌లో నోత్రదాం కథెడ్రల్‌కు పునాది పడిందని చెబుతారు. అక్కడి మేస్త్రీల చేతిలో ఉన్నదీ రాయే. కానీ వాళ్ళకు 33 మీటర్ల ఎత్తున రాతి కప్పు కావాలి, కింద వేలమంది నిలబడే ఖాళీ చోటు కావాలి. అంత వెడల్పు దాటే రాతి దూలం భూమ్మీద ఎక్కడా లేదు. వాళ్ళు కమానును నమ్ముకున్నారు.

కమాను తోపు

కమానులో ప్రతి రాయీ పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది. కిందికి జారబోయిన ప్రతి రాయినీ అటూ ఇటూ ఉన్న రాళ్ళు బిగించి పట్టుకుంటాయి. కమాను మొత్తంలో ఉండేది నొక్కుడే, లాగుడు లేదు. రాయికి చేతనైన పని మాత్రమే రాయికి అప్పజెప్పడంలో కమాను గొప్పతనం ఉంది. దానికి ఒక మూల్యం ఉంది. గోడకు ఏటవాలుగా ఆనించిన నిచ్చెన కాళ్ళు జారిపోవాలని చూసినట్టే, కమాను కాళ్ళు కూడా బయటికి విడిపోవాలని చూస్తాయి. ఇంజనీర్లు దీన్ని థ్రస్ట్ అంటారు, మనం తోపు అనుకుందాం.

తోపు ఎంత ఉంటుందో ఒక సులువైన లెక్కతో చూద్దాం. బరువు కమాను వెడల్పంతా సమంగా పరచుకుని ఉందనుకోండి. మీటరుకు పడే బరువును వెడల్పు వర్గంతో గుణించి, కమాను ఎత్తుకు ఎనిమిది రెట్లతో భాగిస్తే తోపు వస్తుంది. వెడల్పు 12 మీటర్లు, మీటరుకు 2 టన్నులు అనుకుంటే మొత్తం బరువు 24 టన్నులు. ఒక్కో కాలు నిలువుగా మోసేది 12 టన్నులు. కమాను ఎంత ఎత్తున్నా ఈ 12 మారదు. మారేది తోపు. కమాను 2 మీటర్ల ఎత్తే ఉంటే తోపు 18 టన్నులు. అర్ధవృత్తంలా 6 మీటర్లు లేస్తే 6 టన్నులు. కొన తేలి 10.4 మీటర్లు లేస్తే సుమారు మూడున్నర టన్నులు. నిజమైన రాతి కమానులో బరువు ఇంత సమంగా పరచుకోదు కాబట్టి అంకెలు మారతాయి. అయినా సూత్రం ఒకటే: కమాను ఎంత పైకి లేస్తే గోడను అంత తక్కువగా తోస్తుంది.

1675లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ ఈ సంగతిని ఒక గొలుసుతో ముడిపెట్టాడు. రెండు కొసలు పట్టుకుని వేలాడదీసిన గొలుసులో అంతా లాగుడే. ఆ ఆకారాన్ని అలాగే తలకిందులు చేస్తే అంతా నొక్కుడే అయిన కమాను వస్తుంది. మీరే ఒక గొలుసు పట్టుకుని చూడండి. చేతులు దగ్గరగా ఉంచి గొలుసును బాగా కిందికి వేలాడనిస్తే లాగుడు తెలియదు. చేతులు దూరం జరిపి గొలుసును బిగిస్తున్న కొద్దీ మణికట్లు నొప్పెడతాయి. చదునైన కమాను గోడను తోసే తోపు అదే.

మొన ప్రయాణం

కొన తేలిన కమాను యూరప్‌లో పుట్టలేదు. కైరోలో 879లో పూర్తయిన ఇబ్న్ తులూన్ మసీదు నిండా అవే కమానులు. గోథిక్ శైలికి తొలి అడుగుగా చెప్పుకునే సాందెనీ చర్చి గర్భభాగం పారిస్ శివార్లలో ప్రతిష్ఠ జరుపుకున్నది 1144లో. మధ్యధరా సముద్రం దాటి అరబ్బు కట్టడాల నుంచే ఈ మొన యూరప్ చేరిందన్నది చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

అక్కడి మేస్త్రీలకు అది తోపు తగ్గించడంతోపాటు మరో వెసులుబాటు ఇచ్చింది. అర్ధవృత్తంలో వెడల్పును బట్టే ఎత్తు ఖరారైపోతుంది. మొన ఉంటే వేర్వేరు వెడల్పుల కమానులను కూడా ఒకే ఎత్తుకు లేపవచ్చు. అప్పుడు దీర్ఘచతురస్రపు గదుల మీద కూడా కమానులు అన్ని వైపులా ఒకే మట్టంలో కలుస్తాయి.

తెలుగు నేల మీదికి ఈ మొన మరో దారిన వచ్చింది. 1591 నాటి చార్మినార్ నాలుగు ముఖాలా ఉన్నవి సుమారు 11 మీటర్ల వెడల్పున్న మొన కమానులే. ఆంగ్ల మిషనరీలు మెదక్‌లో గోథిక్ చర్చి తలపెట్టడానికి మూడు శతాబ్దాల ముందే ఈ ప్రాంతపు పనివాళ్ళకు ఆ వంపు చేతికి తెలుసు. బహ్రెయిన్‌లోనైతే అది అరబ్బు నేల సొంత వారసత్వం. ఒక మతానిదీ ఒక ఖండానిదీ అనుకునే ఆకారాలు ఇలా చేతి నుంచి చేతికి, రేవు నుంచి రేవుకు నడిచాయి.

గోడ బయటికి వెళ్ళిన బలం

తోపు తగ్గుతుంది గానీ పోదు. గోథిక్ మేస్త్రీలు కప్పు కింద రాతి పక్కటెముకలు కట్టి, బరువును నాలుగు మూలలకు పోగుచేశారు. తోపు గోడ పొడవునా పడకుండా కొన్ని చోట్లకే వస్తుంది. సరిగ్గా ఆ చోట్ల బయటి నుంచి వాలు కమానులతో ఊతం ఇచ్చారు. ఫ్లయింగ్ బట్రెస్‌లు అంటే ఇవే. అవి తోపును అందుకుని దూరంగా ఉన్న బరువైన ఊతగోడకు, అక్కడి నుంచి నేలకు చేరుస్తాయి. ఇక మధ్యనున్న గోడకు మోసే పని ఉండదు. దాన్ని తీసేసి గాజు పెట్టవచ్చు. 1194లో తగలబడి, తర్వాత పాతికేళ్ళకే చాలావరకు తిరిగి లేచిన, ఫ్రాన్స్‌లోని షార్త్ర్ కథెడ్రల్‌లో కప్పు 37 మీటర్ల ఎత్తున ఉంటుంది. దాని రంగుటద్దాల విస్తీర్ణం సుమారు 2,600 చదరపు మీటర్లు.

ఊతగోడల నెత్తిన కనిపించే సూదిమొనల బురుజులు అలంకారానికేనని చాలాకాలం అనుకున్నారు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ మార్క్ ఈ కథెడ్రళ్ళ అడ్డుకోతను పారదర్శకమైన ప్లాస్టిక్‌లో చేయించి, వేడిచేసి, బరువులు వేలాడదీసి, మెల్లగా చల్లార్చాడు. చల్లారిన ప్లాస్టిక్‌ను పోలరైజ్డ్ కాంతిలో చూస్తే లోపలి ఒత్తిడి రంగుల చారలుగా కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లోని ఆమియెన్ కథెడ్రల్ నమూనాలో ఆ బురుజుల బరువు పని చేస్తున్నట్టు తేలింది. పెనుగాలి వీచినప్పుడు ఊతగోడ అంచులో లాగుడు పుట్టకుండా అవి పైనుంచి అదిమి పట్టుకుంటున్నాయి.

1966లో కేంబ్రిడ్జ్ ఆచార్యుడు జాక్ హేమన్ ఇంకో ముఖ్యమైన విషయం చెప్పాడు. ఈ కట్టడాల్లో రాతి మీద పడే ఒత్తిడి రాయి ఓర్వగలిగినదాంట్లో చిన్న భాగమే. కాబట్టి అవి నిలబడేది రాతి బలం వల్ల కాదు, కొలతలు కుదిరినందువల్ల. తోపు దారి రాతి మందం లోపలే ఉన్నంతకాలం కట్టడం పడిపోదు, రాయి బయటికి దారి తప్పితే నిలవదు. కుదరనప్పుడు ఏమవుతుందో ఫ్రాన్స్‌లోని బోవే కథెడ్రల్ చూపించింది. 48 మీటర్ల ఎత్తున, అంతకుముందు ఎవరూ కట్టనంత పైన వేసిన దాని కప్పులో కొంత భాగం 1284లో కూలింది. అక్కడి జనం దాన్ని మళ్ళీ అదే ఎత్తున నిలబెట్టారు, ఈసారి మధ్యలో అదనపు స్తంభాలు వేసి.

మెదక్ రాయి

చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ 1896లో మెదక్ చేరాడు. ఆయన పూనికతో 1914లో మొదలైన చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. నమూనా ఇంగ్లండ్‌లోని బోల్టన్ పట్టణానికి చెందిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ సంస్థది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంటల బురుజు ఎత్తు 175 అడుగులు. కరువు కాలంలో ఊరికే అన్నం పెట్టే బదులు పని ఇచ్చి కూలి ఇవ్వాలన్న తలంపుతో దీన్ని కట్టించారని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పదేళ్ళపాటు చుట్టుపక్కల పల్లెల జనం ఇక్కడ పని చేశారు.

నమూనా బోల్టన్ నుంచి రావచ్చు, రాయి మాత్రం దక్కన్‌ది. గ్రానైట్‌ను మన రాతి పనివాళ్ళు చీల్చే తీరు దగ్గర్నుంచి చూడదగ్గది. ముందు బండ మీద చేతివేళ్ళతో తడిమి, తట్టి, రాయి ఏ దిక్కుకు చీలుతుందో తెలుసుకుంటారు. ఆ దిక్కున గీత గీసి, గీత వెంట వరసగా చిన్న గుంటలు తొలుస్తారు. ఒక్కో గుంటలో ఇనప మేకు నిలిపి, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్కో దెబ్బ వేస్తూ మళ్ళీ వెనక్కి వస్తారు. గట్టి దెబ్బ పనికిరాదు, అన్ని దెబ్బలూ సమంగా పడాలి. మోత మారగానే సమ్మెట ఆపుతారు. కాసేపటికి బండ తనంతట తాను గీత వెంట విచ్చుకుంటుంది. మేకులు గుంటల గోడలను రెండు వైపులా విడదీస్తున్నాయి, అంటే రాయిని లాగుతున్నాయి. రాతి దూలాన్ని పొడవు పెరగనివ్వని బలహీనతే ఇక్కడ పనివాడికి ఆయుధం. ఏ పాఠ్యపుస్తకమూ చదవకుండానే రాయి నొక్కుడుకు గట్టిది, లాగుడుకు మెత్తది అని ఆ చేతులకు తెలుసు.

చర్చి లోపల ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన రంగుటద్దాల కిటికీలలో క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం కనిపిస్తాయి. పగటి వెలుగు బయటి నుంచి పడితేనే ఆ బొమ్మలు లోపలివాళ్ళకు కనబడతాయి. గాజులో కలిసిన లోహాలు తెల్లని కాంతిలో కొన్ని రంగులను మింగేసి మిగతావి వదులుతాయి. కోబాల్ట్ కలిస్తే నీలం మిగులుతుంది. చీకటి పడ్డాక దాటి వచ్చే కాంతే లేదు కనుక కిటికీ నల్లబడిపోతుంది.

ఉప్పు, ఎండ, ఉక్కు

బహ్రెయిన్‌కు చర్చి కొత్తది కాదు. ముహర్రఖ్ దీవిలోని సమాహీజ్ గ్రామంలో పాత మసీదు శిథిలాల కింద ఎనిమిది గదుల కట్టడం ఒకటి బయటపడింది. గచ్చుతో చేసిన శిలువలున్న ఆ కట్టడం 4వ శతాబ్దం నడుమ నుంచి 8వ శతాబ్దం నడుమ దాకా వాడుకలో ఉన్నట్టు కార్బన్ పరీక్షల్లో తేలింది. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బహ్రెయిన్ పురావస్తు శాఖ కలిసి జరిపిన తవ్వకాలివి. మన కాలానికి వస్తే మనామాలోని సేక్రెడ్ హార్ట్ చర్చి 1939 నాటిది. అవాలీ కథెడ్రల్‌కు తొమ్మిది వేల చదరపు మీటర్ల స్థలాన్ని రాజు హమద్ బిన్ ఈసా అల్ ఖలీఫా 2013లో ఇచ్చాడు. నమూనా ఇటలీ వాస్తుశిల్పి మత్తియా దెల్ ప్రేతేది. బైబిల్‌లో మోషే దేవుణ్ణి కలుసుకున్న గుడారాన్ని గుర్తుచేసే ఆకారం, నెత్తిన అష్టకోణపు గుమ్మటం. ప్రారంభమైన మర్నాడు, డిసెంబరు 10న, కార్డినల్ లూయిస్ ఆంటోనియో టాగ్లే ప్రతిష్ఠ జరిపాడు. 2022 నవంబరు 4న పోప్ ఫ్రాన్సిస్ ఇక్కడ శాంతి ప్రార్థనలో పాల్గొన్నాడు.

ఎనిమిది మూలలు చతురస్రానికీ వృత్తానికీ మధ్య మెట్టు. నలుచదరపు హాలు మీద గుండ్రని గుమ్మటం పెట్టాలనుకున్న ప్రతిచోటా మేస్త్రీలు ఈ మెట్టునే వెతుక్కున్నారు. బీజాపూర్ గోల్ గుంబజ్‌లో ఒకదాన్నొకటి కోసుకుపోయే కమానులు ఎనిమిది మొనల నక్షత్రంగా ఏర్పడి గుమ్మటాన్ని మోస్తాయి. ఫ్లోరెన్స్ కథెడ్రల్ మీద 1420 నుంచి 1436 దాకా బ్రునెలెస్కీ కట్టిన గుమ్మటం అష్టకోణమే. గుమ్మటం కూడా కమానులాగే అడుగున బయటికి విచ్చుకోవాలని చూస్తుంది. బ్రునెలెస్కీ దాని చుట్టూ రాతితో, చెక్కతో గొలుసులు బిగించాడు. మన కాలంలో ఆ పని ఉక్కు కడ్డీ చేస్తుంది. కాంక్రీటు కూడా రాయిలాగే లాగుడుకు ఓర్చదు. లాగుడు పడే చోట ఉక్కు పెడితే రెండూ పని పంచుకుంటాయి. వేడికి రెండూ దాదాపు ఒకే లెక్కన వ్యాకోచించడం మన అదృష్టం. లేకపోతే ఒక్క ఎండాకాలానికే విడిపోయేవి.

గల్ఫ్‌లో ఈ జంటకు పెద్ద శత్రువు ఉప్పు. భూగర్భజలంలో ఉప్పు, గాలిలో ఉప్పు, ఇసుకలోనూ ఉప్పే. కాంక్రీటులోని క్షారం ఉక్కు మీద సన్నని రక్షణ పొర నిలిపి ఉంచుతుంది. ఉప్పులోని క్లోరైడ్ లోపలికి ఇంకి ఆ పొరను తినేస్తుంది. తుప్పు ఉక్కుకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలి నుంచి కాంక్రీటును చీలుస్తుంది. గ్రానైట్ గుంటలో మేకు చేసే పనే ఇదీ. 1970ల చమురు జోరులో గల్ఫ్‌లో హడావుడిగా లేచిన కట్టడాలు చాలావాటికి కొద్ది ఏళ్ళకే పెచ్చులు రాలాయి. అప్పటి నుంచి కంకర, ఇసుక మంచినీళ్ళతో కడగడం, కడ్డీ మీద కాంక్రీటు మందం పెంచడం, నీరు ఇంకని దట్టమైన మిశ్రమం వాడడం అలవాటయ్యాయి. ఎండ రెండో శత్రువు. వేడికి కాంక్రీటు తొందరగా బిగుసుకుంటుంది, నీరు ఆవిరై పైపొర పగులుతుంది. అందుకే మిశ్రమంలో ఐసు కలుపుతారు, రాత్రిపూట స్లాబు వేస్తారు, తెల్లారాక తడి గోనెపట్టాలు కప్పి క్యూరింగ్ చేస్తారు. 50 మీటర్ల పొడవున్న కాంక్రీటు వేడి 30 డిగ్రీలు పెరిగితే సుమారు 15 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ సాగుడుకు సరిపడా సందు ముందే వదలాలి.

సూర్యుడు కూడా కట్టడాన్ని మలుస్తాడు. డిసెంబరు చివర షార్త్ర్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దిగంతం మీద 18 డిగ్రీల ఎత్తుకే లేస్తాడు. అక్కడి మేస్త్రీ గోడ తీసేసి వెలుగును ఆహ్వానించాడు. జూన్‌లో అవాలీ మీద సూర్యుడు 87 డిగ్రీలకు ఎక్కుతాడు. ఇక్కడ కట్టేవాడికి ముందు కావలసింది నీడ.

చేతులూ పేర్లూ

ఇంగ్లండ్‌లో కాంటర్‌బరీ కథెడ్రల్‌ను తిరిగి కడుతున్న మేస్త్రీ విలియం ఆఫ్ సాన్స్ 1178లో పరంజా మీద నుంచి పడిపోయాడు. మంచం మీద నుంచే కొంతకాలం పని చెప్పించి, చివరికి పని వదులుకోవలసి వచ్చింది. చలికాలంలో మంచుకు సున్నం బిగుసుకోదు కనుక ఉత్తర యూరప్‌లో గోడల మీద గడ్డి కప్పి పని ఆపేసేవారు. కట్టుబడి మేస్త్రీల్లో చాలామందికి వసంతం దాకా కూలి ఉండేది కాదు. బహ్రెయిన్‌లో పని ఆపేది వేసవి. జూలై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఎండలో పని చేయించకూడదని 2007లో నిబంధన పెట్టారు. 2025 నుంచి దాన్ని మూడు నెలలకు పెంచారు.

ఆ ఎండలో పని చేసేవాళ్ళలో మనవాళ్ళు ఉన్నారు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, మెదక్ పల్లెల నుంచి దశాబ్దాలుగా గల్ఫ్‌కు వెళ్ళిన సెంట్రింగ్ పనివాళ్ళు, కడ్డీలు వంచేవాళ్ళు, తాపీ మేస్త్రీలు అక్కడి నగరాలు లేవడంలో భాగమయ్యారు. కమాను చివరి రాయి పడేదాకా కింద చెక్కతో నిలిపే ఆధారమే సెంట్రింగ్. షార్త్ర్ వడ్రంగి చేసిన పనినే ఇవాళ సిరిసిల్ల మనిషి స్లాబు కింద చేస్తున్నాడు. పలకల సందులో నుంచి సిమెంటు పాలు కారిపోతే కాంక్రీటు గుల్లబారుతుందని, గుల్లబారిన చోట ఉప్పు చొరబడుతుందని అతనికి తెలుసు. ఇంజనీరు గీసిన గీత నిజమయ్యేది అతని బిగింపు దగ్గరే.

ఆమియెన్ కథెడ్రల్ నేల మీద 1288లో ఒక చిక్కుదారి బొమ్మ పరిచారు. దాని నడుమ బిషప్‌తోపాటు ముగ్గురు మేస్త్రీల పేర్లు చెక్కారు: రాబెర్ ద లుజార్ష్, తొమా ద కోర్మోన్, అతని కొడుకు రెనో. ఏడున్నర శతాబ్దాల తర్వాత మనం ఆ పేర్లు చదువుతున్నామంటే ఎవరో వాటిని రాయదగ్గవని అనుకున్నారు కాబట్టి. గల్ఫ్ కట్టడాల్లో వాస్తుశిల్పి పేరు మిగులుతుంది, కంపెనీ పేరు మిగులుతుంది. కడ్డీ కట్టినవాడి పేరు జీతాల పట్టీ దాటి రాదు.

ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, విజ్ఞానానికి సంబంధించినది కూడా. రాయి ఎటు చీలుతుందో మోతను బట్టి పట్టే నేర్పు, 45 డిగ్రీల ఎండలో కాంక్రీటు ఎప్పుడు బిగుస్తుందో చేత్తో తడిమి చెప్పే నేర్పు పుస్తకాల్లో సగమే ఉన్నాయి. మిగతా సగం తిరిగొచ్చి ఊళ్ళో ఉంటున్న మేస్త్రీల దగ్గర ఉంది. మన ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు సెలవుల్లో వాళ్ళ దగ్గర కూర్చుని, ఏ దేశంలో ఏ కట్టడంలో ఏ పని చేశారో, ఏ చిక్కు ఎలా విప్పారో పేర్లతో సహా రాసుకోవాలి. తెలుగు కట్టడ విద్య చరిత్రకు అది మొదటి పుస్తకం అవుతుంది. చెప్పగలిగినవాళ్ళు మన మధ్య ఉండగానే ఆ పని మొదలుకావాలి.